చిలకను నిద్రపుచ్చిన వీణ

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కత్తుల పిచ్చి, రెండోవాడికి గుర్రాల పిచ్చి. చిన్నవాడు మకరందుడికి వీణలు చెక్కే పిచ్చి. చెక్కడమే గానీ వాయించడం రాదు సుమా! పనసదుంగ తెచ్చి, ఉలితో తొలిచి, మైనం మీద మెట్లు నిలబెట్టి, తీగ కట్టి, ఒక్కసారి టింగుమనిపించి మురిసిపోయేవాడు.

"రాజు కడుపున వడ్రంగి పుట్టాడు" అని అన్నలు నవ్వేవారు. నవ్వనిది మేనమామ కూతురు కువలయ ఒక్కతే. అతను చేసిన వీణ ఆమె వాయిస్తే కొలువంతా చెవులప్పగించేది. వాళ్ళిద్దరికీ పెళ్ళి కూడా కుదిరింది.

అంతలో జటాముఖుడనే మాంత్రికుడు సుడిగాలిలా వచ్చి కువలయను ఎత్తుకుపోయాడు. అన్నలిద్దరూ మొదటి సముద్రం చూసే వెనక్కి తిరిగారు. మకరందుడు ఉలిసంచి భుజాన వేసుకుని బయలుదేరాడు. ఒడ్డున రెక్క విరిగిన వడ్రంగిపిట్టకు కట్టు కడితే, అది అతనికి ఎండి నల్లబడిన పాత పనసదోనె చూపించింది.

"బాబూ, ఏడో సముద్రంలో ఎండుటాకు కూడా మునుగుతుంది. తేలేది ఈ దోనె ఒక్కటే. జాగ్రత్త!" అంటూ తనూ ఎక్కి కూర్చుంది.

ఏడు సముద్రాలు దాటి మాంత్రికుడి దీవి చేరేసరికి కువలయ మోకాళ్ళ దాకా రాయి అయిపోయి ఉంది.

"ఎందుకొచ్చావు బావా?" అని ఆమె భోరుమంది. "ఈ మాంత్రికుడి ప్రాణం అదిగో, ఆ చిలకలో ఉంది. అది తుమ్మితే వీడూ తుమ్ముతాడు. అది నిద్రపోదు, వీడికి నిద్ర లేదు. జోకొట్టమని నాచేత వీణ వాయించాడు. నా పాటకు దానికి ఇంకా హుషారెక్కింది. ఆ కోపంతో నన్నిలా చేశాడు."

మాంత్రికుడు చింతనిప్పుల్లాంటి కళ్ళతో వచ్చాడు. "వీణలు చెక్కేవాడివి నువ్వేనా? నా చిలకను నిద్రపుచ్చే వీణ చెయ్యి, ఇద్దర్నీ వదిలేస్తా. తప్పావో, రాయి పైకెక్కుతుంది!"

మకరందుడు దీవిలో పనసచెట్టు కొట్టాడు. పచ్చికర్ర ఆరడానికి ఏళ్ళు పడుతుందని అతనికి తెలుసు. తెలిసి కూడా తొందరకొద్దీ నిప్పుసెగన ఆరబెట్టాడు. తీగ బిగించగానే వీణకు బోలుగా తొలిచిన కుండ నిలువునా పగిలింది. కువలయ నడుము దాకా రాయి అయింది.

రెండో వీణ పగలకూడదని కుండ మందంగా ఉంచాడు. అది పగల్లేదు, పలకనూ లేదు. చిలక "మొద్దు! మొద్దు!" అని ఎగతాళి చేసింది. రాయి కువలయ గొంతు దాకా వచ్చింది.

మకరందుడు ఇసుకలో బోర్లాపడి ఏడ్చాడు. "సరదాకి నేర్చిన పని ప్రాణం మీదికొస్తే ఎందుకూ కొరగాలేదే! ఈ చేతులు కాల్చుకోవాలి" అని తల బాదుకున్నాడు. దీవిలో బాగా ఎండిన కర్ర ఒక్కటే ఉంది. అది దోనె.

వడ్రంగిపిట్ట దోనెను ముక్కుతో కొట్టి విన్నది. "పలుకుతుంది బాబూ. కానీ దీన్ని కోస్తే మీరిక ఇల్లు చేరరు."

"వద్దు బావా! దోనె ఎక్కి వెళ్ళిపో. అత్తయ్య నీకోసం ఏడుస్తుంటుంది" అంది కువలయ.

మకరందుడు తల్లిని తలుచుకున్నాడు. తలుచుకుని, గుండె రాయి చేసుకుని, గొడ్డలి ఎత్తాడు.

వీణ తయారైంది. ఇక మెట్లు సరిచూడాలి. తీగ మీటి, మైనం మీద మెట్టు కాస్త జరిపి, మళ్ళీ మీటి, మళ్ళీ జరిపాడు. పాట లేదు, రాగం లేదు, అదే టింగు, అదే టింగు. చిలక ఆవలించింది. మాంత్రికుడూ ఆవలించాడు.

"ఆపకు బావా!" అని కువలయ గుసగుసలాడింది.

విసుగు లేకుండా మీటాడు. చిలక తల రెక్కలో దూర్చుకుంది. మాంత్రికుడు దబ్బున కూలి గుర్రు పెట్టాడు. మకరందుడు ఒక్క ఉదుటున లేచి చిలక మెడ నులిమాడు. మాంత్రికుడు నిద్రలోనే పోయాడు.

రాయి కరిగిపోయి కువలయ లేచి నడిచింది. మాంత్రికుడి మంత్రానికి దీవిలో రాళ్ళై పడున్న జనమంతా మళ్ళీ మనుషులై, మకరందుణ్ణే రాజును చేసి వాళ్ళిద్దరికీ పెళ్ళి జరిపించారు. వడ్రంగిపిట్ట ఎగిరిపోయి రాణిగారికి కబురు చెప్పింది. మకరందుడు ముసలివాడయ్యేదాకా రాజ్యమేలాడు. గాలి ఇంటివైపునుంచి వీచిన రోజున మాత్రం ఒడ్డుకు పోయి "అమ్మా!" అని ఏడ్చేవాడు. కువలయ పక్కనే కూర్చునేది. ఆమెకు మాత్రం ఏడుపు రాదా?

సుఖపడ్డారా అంటారా? పడ్డారు పిల్లలూ, ఏడుస్తూనే సుఖపడ్డారు. కథేమో కంచికి పోయింది, మనమూ ఇంటికి పోతాం. వాళ్ళు మాత్రం పోలేదు.