‘ప’ కాని ఇంటిపేరు

మాయెస్త్రో క్రిసాంతోకి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న వేస్తే జవాబు చెప్పడు, లేచి చెప్పులు వెతుక్కుంటాడు. జవాబు ఇంట్లో లేదని, ఎక్కడికో నడవాలని దాని అర్థం. ఫిలిప్పీన్స్‌లో సాన్ ఎలియాస్ అనే కొండ దాపు ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు బడిపంతులుగా చేసి, ఆ పైన చరిత్ర నేర్చుకుంటామని వచ్చినవాళ్ళకి తన వసారాలోనే పాఠం చెప్పిన మనిషి ఆయన. అక్కడ పంతుల్ని మాయెస్త్రో అని పిలుస్తారు.

ఆ రోజు ప్రశ్న వేసినవాడు హిలారియో పగియో. పాపం, వాడికి పీకల మీదికే వచ్చింది. ఊరి నడిబొడ్డున తిరుగుబాటు స్మారకశిల నిలబెడుతున్నారు. దాని మీద రాయవలసిన మాటలు వాడికి అప్పగించారు. శిల్పి అప్పటికే వీరుల పేర్లు చెక్కేసి, ఆ మాటల కోసం ఉలి పట్టుకుని కూర్చున్నాడు. తొంభై ఏళ్ళ కిందట, 1847లో, ఈ ఊరివాళ్ళు స్పెయిన్ దొరల మీద తిరగబడ్డారన్నంతవరకూ అందరిదీ ఒకే మాట. ఆ తరువాత ఎవరి పుస్తకం వారిది.

“అప్పటి పాద్రీ రాసింది చదివాను మాయెస్త్రో. కల్లు తాగిన మూక మూడు రోజులు గోల చేసి, కొండ దిగొచ్చి క్షమాపణ అడిగిందంటాడు. మనీలా ప్రొఫెసరుగారేమో అదే మన స్వాతంత్ర్యానికి తొలి సమరం అంటారు. ఇంకొకాయన, స్వాతంత్ర్యమూ లేదు పాడూ లేదు, గంటగోపురానికి రాళ్ళు మోయించే వెట్టి భరించలేక పని మానేశారు, అంతే అంటాడు. మా అమ్మమ్మ మాత్రం తొమ్మిదేళ్ళు లొంగలేదని చెప్పేది. కళ్ళారా చూసి రాసినవాడు పాద్రీ ఒక్కడే. నేనెవర్ని నమ్మాలి?”

మాయెస్త్రో చెప్పులు తొడుక్కున్నాడు.

ఇద్దరూ మునిసిపల్ ఆఫీసు ఆవరణలోకి వెళ్ళేసరికి, శిల పక్కనే పెద్ద రభస జరుగుతోంది. ఒకవైపు ఊరి ప్రెసిడెంటు పచేకో, రెండో వైపు ఇస్యాంగ్ ఉమాలి. అరవై దాటిన మనిషి. అక్కడ ముసలమ్మల్ని లోలా అంటారు గనక ఊరంతటికీ ఆమె లోలా ఇస్యాంగ్. చర్చి మెట్ల దగ్గర పుతోలు అమ్ముతుంది. పుతో అంటే బియ్యప్పిండితో ఆవిరి మీద ఉడికించేది, మన ఇడ్లీకి పిన్నికూతురు అనుకోండి.

గొడవ ఇంటిపేరు గురించి. మనమైతే కొత్తమనిషి కనబడగానే మంచినీళ్ళ కన్నా ముందు ఇంటిపేరు అడుగుతాం. సాన్ ఎలియాస్‌లో ఆ శ్రమ లేదు. పగియో, పాల్మా, పచేకో, పదిల్యా, ఎవర్ని కదిపినా ‘ప’. ‘ప’ కానివాడు ఆ ఊరివాడు కాడని వాళ్ళ లెక్క. మన భాషలో పరాయివాడు కూడా ‘ప’తోనే మొదలవుతాడన్న తమాషా పాపం వాళ్ళకి తెలియదు. శిల మీదికి ప్రతి ఇంటివాళ్ళూ తమ ముత్తాత పేరు ఇచ్చారు. ఆ లెక్కన ఆ ఊళ్ళో తిరగబడని ముత్తాతే లేడు. అన్నీ ‘ప’లే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఉమాలి ఒక్కటే వేరు.

“మీ తాత వీరుడే అయుండొచ్చు లోలా,” అంటున్నాడు పచేకో. “ఏ ఊళ్ళో వీరుడో ఆ ఊరి రాతి మీద చెక్కించుకోండి. ఎక్కణ్ణించో వలస వచ్చినవాళ్ళు మీరు.”

“నలభై ఏళ్ళుగా నా చేతి పుతోలు తిని ఎదిగావు, ఇప్పుడు నేను వలసదాన్నయ్యానా? మా తాత సిమియోన్ ఈ మట్టిలోనే పుట్టాడు. నా తరవాత ఈ పేరు చెప్పుకునేవాళ్ళు లేరు నాయనా. రాతి మీద కూడా లేకపోతే ఆయన పుట్టనట్టే.”

ఆవరణలో వాళ్ళు కొందరు తల తిప్పుకున్నారు, కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళ మీద నాకిప్పటికీ కోపమే.

మాయెస్త్రో తాపీగా, ఇంకా పడుకోబెట్టే ఉన్న శిల అంచు మీద కూర్చున్నాడు. “ప్రెసిడెంటుగారూ, పచేకో అన్న పేరు మీ ఇంటికి ఎలా వచ్చింది?”

పచేకో మీసం సవరించుకున్నాడు. ఆయనకి ఇష్టమైన కథ అది. “తెలియనిదేముంది? 1850లో మనీలా నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంటిపేర్లు లేని జనం చేత పన్ను కట్టించడం కష్టమని దొరలు పేర్ల పుస్తకం ఒకటి అచ్చు వేయించి పేజీలు ఊళ్ళకి పంచారు. మనకి ‘ప’ పేజీ వచ్చింది. ఆదివారం పూజయ్యాక చర్చి ముందు అందర్నీ వరసలో నిలబెట్టి ఇంటికొక పేరు ఇచ్చారు. వరసలో మా ముత్తాతే మొదటివాడు.”

“వరసలో ఎవరెవరున్నారు?”

“ఊళ్ళో ఉన్న ప్రతి ఇంటివాడూ.”

“ఊళ్ళో లేనివాడు?”

పచేకో చెయ్యి విసిరాడు. “లేకపోవడమేమిటి మాయెస్త్రో! గొడవ అంతకు మూడేళ్ళ ముందే సద్దుమణిగింది. మూడో రోజుకే అందరూ దిగొచ్చారని పాద్రీయే రాశాడు కదా.”

“పాద్రీ రాసినవి రెండు పుస్తకాలు,” అన్నాడు మాయెస్త్రో. “ఒకటి మనీలాకి పంపడానికి, ఒకటి దేవుడికి చూపించడానికి. హిలారియో, నువ్వు మొదటిదే చదివావు. పోయి చర్చిలో 1856 నాటి జ్ఞానస్నానాల రిజిస్టరు అడిగి తీసుకురా.”

హిలారియో ఎదురుగా ఉన్న చర్చిలోకి వెళ్ళి, చెదలు తిన్న రిజిస్టరుని రెండు చేతులా మోసుకొచ్చాడు. రాత చూడగానే పోల్చుకున్నాడు. అదే పాద్రీ, అదే కొంకర్లు తిరిగిన అక్షరం. జనవరి పేజీ తీసి బిగ్గరగా చదివాడు:

“ఈ రోజు ముగ్గురు పిల్లలకి జ్ఞానస్నానం ఇచ్చాను. ఒకే తల్లి బిడ్డలు. ఎనిమిదేళ్ళు, ఆరేళ్ళు, మూడేళ్ళు. తండ్రి సిమియోన్, ఈ ఊళ్ళో పుట్టినవాడే. నిన్న కొండ దిగి వచ్చాడు. ఇంటిపేరు అడిగితే తన తండ్రి పేరు ఉమాలి అన్నాడు. పుస్తకంలోంచి ఒకటి ఎంచుకోమన్నాను. ఒప్పుకోలేదు.”

బిడ్డ పుట్టిన వారంలోపే పాద్రీ దగ్గరికి పరిగెత్తే దేశం అది. ఎనిమిదేళ్ళవాడికి తలమీద నీళ్ళు పడలేదంటే, వాడు పుట్టినచోట పాద్రీ లేడు, గంట వినపడదు, దొర చెయ్యి ఆనదు. ఎవరూ ఎవరికీ వివరించనక్కర్లేకపోయింది.

“ఆ ఎనిమిదేళ్ళవాడు మా నాన్న,” అంది లోలా ఇస్యాంగ్. చదువురాని ఆమె ఆ పేజీ మీద వేలు ఆనించి, తీయలేక నిలబడిపోయింది.

ముందు తేరుకున్నవాడు శిల్పి. “మూడు రోజులు తాగిన కల్లు తొమ్మిదేళ్ళు దిగలేదన్నమాట!” అని పగలబడి నవ్వి, ఎవరి అనుమతీ అడక్కుండా ఉలి అందుకున్నాడు. అందరి పేర్లకీ పైన, నెత్తి మీద, సిమియోన్ ఉమాలి అని చెక్కడం మొదలుపెట్టాడు. ఆ ఉలి దెబ్బలకి జనం చప్పట్లు కలిపారు. ఎవరో పరిగెత్తి గంటగోపురం ఎక్కారు. ఏ గోపురానికి రాళ్ళు మోయమన్నారో ఆ గోపురంలో గంటలు ఆ పేరు కోసం మోగాయి. నిన్నటిదాకా తమ నాయనమ్మది ‘ప’ కాదని గుట్టుగా దాచుకున్న ఆడవాళ్ళు, మాదీ కొండపేరే, మాదీ కొండపేరే అంటూ ముందుకొచ్చారు. లోలా పుతోల బుట్టని శిల మీదే బోర్లించి అందర్నీ తినమంది. ఏడుస్తూనే ఉంది, నవ్వుతూనే ఉంది. అలాంటి గెలుపు చూడడానికి మనిషి నూరేళ్ళు బతకొచ్చు.

ఆ సందడిలోనే హిలారియో ఆమె చెవి దగ్గరికి వంగాడు. “అసలు ఎందుకు తిరగబడ్డారు లోలా? మీ నాన్న చెప్పాడా?”

“మొదట రాయి మోయనన్నాట్ట. తరవాత వాళ్ళిచ్చిన పేరు మోయనన్నాడు. దాన్ని మీ పుస్తకాల్లో ఏమంటారో నాకేం తెలుసు?”

హిలారియో ఆ మాటల్ని అక్కడికక్కడే కాగితం మీద పెట్టుకున్నాడు. శిల మీద ఈనాటికీ ఉన్నవి అవే.

పచేకో మాత్రం తేలు కుట్టిన దొంగలా ఒక పక్కన నిలబడి ఉన్నాడు. చెడ్డవాడు కాడు. కాసేపటికి తనే మాయెస్త్రో దగ్గరికి వచ్చి టోపీ తీశాడు. “తక్కిన పేర్లన్నీ వరసలో నిలబడి పేరు పుచ్చుకున్నవాళ్ళవే కదా మాయెస్త్రో. మా ముత్తాతదీ అంతే. చెరిపించేయమంటారా?”

“చెరిపించాల్సిందే!” అన్నాడు హిలారియో. వాడి ముఖం వెలిగిపోతోంది. “మా పగియోతో సహా. కొండ మీద ఉన్నవాళ్ళ పేర్లే ఉండాలి!”

మాయెస్త్రో శిష్యుడి వంక చూసి, చేతిలో సగం తిన్న పుతోని పూర్తిచేసి, వేళ్ళు దులుపుకున్నాడు.

“కొండ మీద ఉప్పు దొరకదు నాయనా, కింద ఊళ్ళోంచే వెళ్ళాలి. తొమ్మిదేళ్ళూ వాళ్ళు చప్పిడి కూడే తిన్నారంటావా?”