తాతాజీ పది నిమిషాలు

మీరు చేసిపెట్టిన పని మీరు పక్కన లేకపోయినా నిలబడుతుందని మీకెలా తెలుసు? "ఇప్పుడు నడుస్తోందిగా" అంటారా? అది జవాబు కాదు. తాతాజీ కూడా "నడుస్తోందిగా" అనే అన్నాడు.

తాతాజీ ఒక చేపల రేవులో, బోట్ల సంఘం ఆఫీసులో కంప్యూటర్ ఇంజనీరుగా ఉండేవాడు. చురుకైనవాడే, కానీ ఒకసారి నడిచిన పనిని మళ్ళీ తిరిగి చూసేవాడు కాదు. సంఘంలో మూల పడిన కంప్యూటర్‌లో లినక్స్ వేసి, దాన్నే సర్వర్‌గా మార్చి, అందులో ఒక వెబ్ అప్లికేషన్ పెట్టాడు. సరంగులు బోటు తీసే ముందు ఎటు వెళ్తున్నారో, ఎప్పుడొస్తారో ఫోన్‌లో నొక్కితే చాలు, అన్నీ అందులో పడేవి. అంతకుముందు అవే వివరాలు గుమస్తా మంగతాయారు ఒక పుస్తకంలో రాసేది. ఆ పుస్తకాన్ని తాతాజీ బీరువా ఎక్కించాడు.

సర్వర్ ఆగి మళ్ళీ లేచినప్పుడు అప్లికేషన్ కూడా దానంతటదే లేవాలంటే, అలా లేవమని ఒక చిన్న ఫైలు రాసిపెట్టాలి. తాతాజీ రాయలేదు. మొదటిరోజు కమాండ్లన్నీ చేత్తో కొట్టి లేపాడు. లేచింది. ఇన్వర్టర్ ఉండడంతో ఏడు నెలలు ఆగలేదు.

"బాబూ, ఓసారి దీన్ని ఆపి మళ్ళీ వెయ్యవా? లేస్తుందో లేదో చూద్దాం" అంది తాయారు.

"నడిచేదాన్ని ఆపడమెందుకు తాయారు గారూ? నేనైనా సెలవు పెట్టాను గానీ ఇది ఒక్కపూట పెట్టలేదు. మీకు పుస్తకం మీద బెంగలా ఉంది!"

"బెంగే అనుకో. కరెంటు లేకపోయినా తెరుచుకునేది మరి."

ఆఫీసంతా నవ్వింది. తాతాజీ ఇంకాస్త గట్టిగా నవ్వాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు రేవులో ఏ యంత్రాన్నయినా ఆపి, తుడిచి, బొట్టు పెట్టాల్సిందే. ఇంజన్లకు పెట్టారు, ఐసు ఫ్యాక్టరీ మోటార్లకు పెట్టారు. తాతాజీ జెట్టీ మీద ప్రసాదం పంచుతుంటే, ఆఫీసులో ప్రెసిడెంటు సత్తిరాజు సర్వర్‌ను ఆపించి, మూడు బొట్లు పెట్టి, నిమ్మకాయ ఉంచి, హారతిచ్చి మళ్ళీ వేయించాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. అందరూ దండం పెట్టుకున్నారు. అప్లికేషన్ లేచిందో లేదో ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నానికి వాయుగుండం దారి మార్చుకుని తీరం మీదికి తిరిగింది. పండగ కాబట్టి సముద్రంలో ఉన్నవి పూజకు ముందే వెళ్ళిన నాలుగు బోట్లే. వైర్‌లెస్‌లో పిలిస్తే మూడు పలికాయి. పలకని నాలుగోది పోలయ్యది. అందులో అతనితో కలిపి ఐదుగురున్నారు. కబురు విని అతని భార్య కాసులమ్మ ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది.

"ఎటు వెళ్ళాడు? చెబితే చాలు, బయల్దేరతాం" అన్నారు రక్షణ బోటువాళ్ళు.

తాతాజీ అప్లికేషన్ పేజీ తెరవబోయాడు. తెరుచుకోలేదు.

"పది నిమిషాలివ్వండి" అన్నాడు.

ఏడు నెలల కిందటి కమాండ్లు ఏ వరుసలో కొట్టాడో గుర్తు రాలేదు. గుర్తొచ్చినవి కొడితే డేటాబేస్ పాస్‌వర్డ్ అడిగింది. అది ఎక్కడా రాసుకోలేదు.

"నేనెళ్ళి రేవులో ఎవర్నయినా అడిగొస్తానయ్యా" అంది కాసులమ్మ.

"వద్దక్కా, అయిపోయింది. ఇంకో పది నిమిషాలు."

అలా రెండు గంటలు గడిచాయి. గాలి పెరిగింది. కాసులమ్మ ఇక ఆగలేదు. నేరుగా ఐసు ఫ్యాక్టరీకి నడిచింది. ఎంత దూరమో అడక్కుండా అక్కడ ఎవరూ ఐసు ఎక్కించరు.

"పోలయ్యా? ఎనిమిది దిమ్మలే వేయించుకున్నాడు వదినా. తూర్పున రాళ్ళదిబ్బ దాకా, వంజరం చేపల కోసం అన్నాడు" అన్నాడు ఐసు వేసే గురవయ్య.

రెండు గంటలు దొరకని జవాబు రెండు మాటల్లో దొరికింది.

రక్షణ బోటు తూర్పుకి వెళ్ళింది. పొద్దు వాలేలోగా ఐదుగుర్నీ తెచ్చింది. ఖాళీ డ్రమ్ములు పట్టుకుని తేలుతూ దొరికారు. ఇంజను చెడి, నీళ్ళెక్కి, రక్షణ బోటు రావడానికి గంట ముందే బోటు మునిగిపోయిందన్నాడు పోలయ్య.

తాతాజీ జెట్టీ మీద తలొంచుకుని నిలబడ్డాడు. కాసులమ్మ అతన్ని తిట్టలేదు.

"మనుషులొచ్చారు, చాలు. బోటు మాత్రం నీ పది నిమిషాల్లో పోయింది నాయనా" అంది.

మర్నాడు తాతాజీ ఆ ఫైలు రాశాడు. ప్రతి కమాండునూ కాగితం మీద రాసి గోడకు అంటించాడు. పాస్‌వర్డ్ మార్చి, కొత్తదాన్ని కవరులో పెట్టి సత్తిరాజు బీరువాలో దాయించాడు. పుస్తకాన్ని తుడిచి తాయారు చేతికిచ్చాడు. ఆ తర్వాత కాసులమ్మ ఇంటికెళ్ళి ఒక మాట అడిగాడు.

అప్పటినుంచి నెలకోసారి కాసులమ్మ ఆఫీసుకొచ్చి, ముందుగా ఎవరికీ చెప్పకుండా సర్వర్ ప్లగ్గు పీకేస్తుంది. మళ్ళీ పెడుతుంది. తాతాజీ చేతులు కట్టుకుని దూరంగా నిలబడతాడు. ఆమె తన ఫోన్‌లో పేజీ తెరుచుకుని, బోట్ల పేర్లు కనబడేదాకా కుర్చీలోంచి లేవదు.

నీతి ఇదీ: నడుస్తోందన్నది రుజువు కాదు, ఆగి మళ్ళీ లేచిందన్నదే రుజువు. ఇక మీ వంతు. మీ చేతిలో నలుగురు ఆధారపడే పని ఏదుందో దాన్ని ఈ రోజే, సముద్రం నిమ్మళంగా ఉండగానే, మీరే ఒకసారి ఆపి చూడండి.