వేయి కళ్ళ నెమలి, లాగి చూసిన గిజిగాడు

అనగనగా, చెట్టూ పిట్టా కూడా మనలాగే కబుర్లాడుకునే కాలంలో, ఒక వాగు ఒడ్డున తుమ్మచెట్టు ఉండేది. దాని కొమ్మలన్నీ నీళ్ళ మీదికి వంగి ఉండేవి. ఆ కొమ్మలకే గిజిగాళ్ళు గూళ్ళు అల్లి వేలాడదీసుకునేవి.

ఆ గిజిగాళ్ళకు ఒక ఆచారం ఉంది. ఎవరు గూడు కట్టినా పెద్దలు వచ్చి ముక్కుతో మూడుసార్లు గట్టిగా లాగి చూస్తారు. నిలిస్తే సరే, ఊడితే మళ్ళీ అల్లుకోవాలి. కింద వాగు పారుతోంది, రేపు గూట్లో గుడ్లుంటాయి, మరి లాగకుండా ఎలా నమ్ముతారు చెప్పండి!

పసిడి అనే కుర్ర గిజిగాడు ఆ ఏడే మొదటిసారి గూడు కట్టాడు. మొదటి గూడు తాత లాగగానే ఊడింది. రెండోది సగానికి తెగింది. మూడోది వాగులో పడి కొట్టుకుపోయింది. "మళ్ళీ అల్లరా" అని పొడిగా అనేసి తాత వెళ్ళిపోయాడు. తోటివాళ్ళు పకపకా నవ్వారు. పసిడికి తల కొట్టేసినట్టయింది. ఆవలి ఒడ్డున ఒక ముళ్ళపొదలో దూరి వెక్కి వెక్కి ఏడ్చాడు.

అక్కడికి ఒక గోరింక గెంతుకుంటూ వచ్చింది. "ఏడవకు తమ్ముడూ! నీ గూడు ఎంత బాగుందో నేను చూశాను. నీ విలువ తెలిసినవాళ్ళు ఇక్కడ లేరు. కొండ మీద వేయికన్నులయ్య ఉన్నారు. నిన్ననే నీ గురించి అడిగారు" అంది. ఏడ్చే పిట్ట ఏది కనబడినా ఆమె చెప్పే మాట అదే. పాపం, పసిడికి ఆ సంగతి తెలియదు.

వేయికన్నులయ్య అంటే ఒక నెమలి. పింఛం విప్పి, "ఇందులో వేయి కళ్ళున్నాయి. ఏ మూల ఏం జరిగినా చూస్తాను" అనేవాడు. అతని దగ్గర పాతిక కుర్ర పిట్టలు ఉండేవి. పసిడి రాగానే అన్నీ చుట్టూ మూగి, గింజలు నోటికి అందించి, వాడు ఏం మాట్లాడినా "ఆహా" అన్నాయి. వాడు ముడి వేస్తే ఎవరూ లాగి చూడలేదు. వాడికి ప్రాణం లేచొచ్చింది.

మొదటి వారం అయ్య వాడి పేరు అడిగాడు. "పసిడి అన్నవాడు ఓడిపోయినవాడు. ఇవాళ్టి నుంచి నువ్వు నేత్రదాసుడివి" అన్నాడు. పేరే గదా అని వాడు ఇచ్చేశాడు.

రెండో వారం పసిడి అక్క మిణుకు కొండ కిందికి వచ్చి పిలిచింది. "ఒరే పసిడీ! అమ్మ తిండి మానేసిందిరా! ఒక్కసారి పలకరా!"

"బదులిచ్చావంటే నీ పుణ్యమంతా పోతుంది" అన్నాడు అయ్య.

మూడు పొద్దులు పిలిచి పిలిచి అక్క గొంతు బొంగురుపోయింది. పసిడి రాతి చాటు నుంచి అక్కనే చూస్తూ కూర్చున్నాడు. అయినా పలకలేదు.

మూడో వారం అయ్య అసలు సంగతికి వచ్చాడు. "రెక్కలంటేనే అహంకారం. రేపు పొద్దున్నే నీ రెక్కల ఈకలు పీకి నా పాదాల దగ్గర పెట్టు" అన్నాడు.

అప్పుడు గానీ పసిడి చుట్టూ సరిగ్గా చూడలేదు. అక్కడ ఒక్క పిట్టకైనా ఎగిరే ఈకలు లేవు. అవన్నీ అయ్య పరుపులో ఉన్నాయి. గోరింక ఎగరకుండా గెంతుతూ ఎందుకు వచ్చిందో వాడికి అప్పుడు తెలిసింది.

"పీకితే మళ్ళీ మొలుస్తాయా అక్కా?" అని గోరింకను మెల్లగా అడిగాడు.

గోరింక తల దించుకుంది. "మొలిచినప్పుడల్లా మళ్ళీ ఇవ్వాలి తమ్ముడూ."

తెల్లారింది. ఈకలిచ్చే ముందు అయ్య చుట్టూ మూడు ప్రదక్షిణలు చేయాలి. "నా పింఛాన్నే నమ్ముకో. నీ బతుకు దానికే వేలాడదీయి" అన్నాడు అయ్య. దేనికైనా వేలాడాలంటే గిజిగాడి ముక్కు ఊరుకుంటుందా? తప్పు పట్టాలని కాదు, పుట్టి పెరిగిన అలవాటు. అయ్య వెనక్కి వెళ్ళినప్పుడు పింఛంలో ఒక ఈక పట్టుకుని లాగాడు. ఇట్టే ఊడొచ్చింది. రెండో ప్రదక్షిణలో ఇంకోటి, మూడోదాంట్లో ఇంకోటి.

వానలు వెనకబట్టాక నెమలికి పింఛం రాలడం మామూలే. ఏటా ఆ రోజుల్లో తపస్సని చెప్పి అయ్య గుహలో దాక్కునేవాడు. ఈసారి పసిడి మెత్తని ఈకల మీద ఆశతో ఒక్కరోజు ఆలస్యం చేశాడు.

"ఈ క్షణంలో కూడా నా వేయి కళ్ళు అందరినీ చూస్తున్నాయి" అని అయ్య చెబుతూనే ఉన్నాడు. పసిడి ముందుకు వచ్చి మూడు ఈకలూ కింద పెట్టాడు.

"అయ్యా, తమకు వేయి కళ్ళు గదా. వెనకే నిలబడి మూడుసార్లు లాగాను. ఒక్క కన్నయినా నన్ను చూడలేదేం?"

"పాపీ! నన్నే లాగి చూస్తావా? అనుమానించినవాడు నాశనమైపోతాడు!" అంటూ అయ్య గిర్రున తిరిగాడు. ఆ విసురుకి ఇంకో పిడికెడు ఈకలు రాలాయి. ముందు గోరింక కిసుక్కున నవ్వింది. ఆమె నవ్వి ఏడాదయింది. తర్వాత ఒక చిలుక నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. అయ్య గుహలోకి దూరి మళ్ళీ బయటికి రాలేదు.

పసిడి అప్పుడే ఎగిరిపోవచ్చు. కానీ గోరింక ఏడుపు మొదలుపెట్టింది. "నిన్ను తెచ్చింది నేనే గదా. ఏ మొహం పెట్టుకుని కిందికి రాను?"

"నాకూ మొహం చెల్లడం లేదు. ఇద్దరం కలిసే వెళ్దాం పద" అన్నాడు పసిడి. ఎగిరే ఈకలుండి కూడా వాళ్ళతో నడిచాడు. అందరూ కొండ దిగడానికి మూడు రోజులు పట్టింది.

వాగు దగ్గర మిణుకు వాణ్ణి చూసింది. తిడుతుందనుకున్నాడు. "చిక్కిపోయావురా" అని మాత్రం అంది. గూట్లోంచి అమ్మ "పసిడీ!" అని కేకేసింది. "వచ్చానమ్మా!" అని వాడు చెట్టంతా వినబడేలా పలికాడు. అబ్బ, ఆ ఒక్క మాటతో ఎన్ని గుండెలు కుదుటపడ్డాయో!

తాత వచ్చి వాడి పక్కన కూర్చున్నాడు. వాడి రెక్క ఈకలు ముక్కుతో సవరించాడు. "లాగి చూడటం నా ధర్మంరా, అది మానను. కానీ నీ గూడు కొట్టుకుపోయిన రోజు ఇలా నీ పక్కన కూర్చోవలసింది. కూర్చోలేదు. తప్పు నాదే" అన్నాడు. తర్వాత గోరింక వైపు తిరిగి, "ఈకలు మొలిచేదాకా మీరంతా ఇక్కడే ఉండండమ్మా" అన్నాడు.

కాబట్టి పిల్లలూ, అడిగితే కోప్పడే చోట ఒక్క పూట కూడా నిలవకండి. పెద్దలూ, బిడ్డ ఓడిపోయిన రోజున మీరు పక్కన కూర్చోకపోతే, వచ్చి కూర్చున్నవాడే వాడికి దేవుడైపోతాడు.