తడి ఆరకముందే

ఒక ఊళ్లో మృదంగాలు చేసేవాడు ఉండేవాడు. మండుటెండల్లో కూడా అతను మణికట్టు దాకా చొక్కా గుండీలు పెట్టుకునేవాడు.

అతని కూతురికి ఎనిమిదేళ్లు. పుట్టిన కొన్నాళ్లకే ఆ పిల్ల ఒళ్లంతా చేప పొలుసుల్లా చర్మం లేచింది. చలిగాలి తగిలితే మడమలు, మోకాళ్లు పగిలి నెత్తురు వచ్చేది.

తప్పు తనదేనని తల్లి నమ్మింది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం సంగతి మరిచిపోయి, కత్తిపీట ముందు కూర్చుని చేపకు పొలుసు తీసింది. బిడ్డ ఒంటిని చూసిన రోజునే కత్తిపీటను అటకెక్కించింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో చేప లేదు. బెండకాయలు చేత్తో తుంచేది. గుమ్మడికాయను నేలకేసి కొట్టేది.

"మీ ఇంట్లో వంకాయలు కొరికి వండుతారటగా, వదినా" అని పొరుగావిడ వేళాకోళం చేసేది. తల్లి కూడా నవ్వేసేది. భర్త మాత్రం తల వంచుకుని అన్నం కలుపుకునేవాడు.

ఎందుకంటే అతనికి తెలుసు. తన తల్లి ఒంటి మీద ఇదే ఉండేది. అతని వీపు మీద, కాళ్ల మీద ఇదే ఉంది. చనిపోకముందు ఆ తల్లి కొడుక్కి అన్నీ నేర్పింది. రోజూ అతను గడియ పెట్టుకుని నీళ్లలో నాని, బీరపీచుతో మెత్తగా రుద్దుకుని, తడి ఆరకముందే నువ్వులనూనె పట్టించేవాడు. ఎంత శ్రద్ధగా అంటే, చీకట్లో భార్య చేతికి అతని వీపు అందరి వీపులాగే తగిలేది. తోలు పని చేసేవాడు కదా, మా ఆయనకు శుభ్రం ఎక్కువ అని ఆమె నలుగురికీ చెప్పుకునేది.

సంబంధం చెడిపోతుందని పెళ్లిలో ఒకసారి దాచాడు. అబద్ధమాడటం నిమిషం పని. దానికి కాపలా కాయడం ఉంది చూశారూ, అది ఉద్యోగం. అందులో సెలవులుండవు, పెన్షనూ ఉండదు.

ఒక చలికాలం పిల్ల నడవలేక మంచం పట్టింది. ఊరూరా తిరిగే ముసలి వైద్యురాలు ఒకామె వచ్చి, పిల్ల మోకాలు తడిమి చూసింది.

"నా పాపమే అవ్వా" అంది తల్లి. "గ్రహణం పూట చేప తోమాను."

"గ్రహణం చంద్రుణ్ణే వదిలేసి పోతుంది, నీ పిల్లను పట్టుకుంటుందా? ఇది వంశంలో దిగేది. మీలో ఇంకెవరికుంది?"

తల్లి భర్త వైపు చూసింది.

"ఎవరికీ లేదు" అన్నాడతను.

వైద్యురాలు అతని చొక్కా గుండీల వైపు కాసేపు చూసింది. తర్వాత పిల్లకు చేయవలసినవన్నీ చెప్పింది. అతను రోజూ గడియ వెనక చేసుకునేవే.

"ఎన్నాళ్లకు పోతుందవ్వా?"

"పోదు తల్లీ. రోజూ చేస్తే మెత్తగా ఉంటుంది. పిల్ల నడుస్తుంది."

మర్నాడు తల్లి పెరట్లో గోరువెచ్చని నీళ్లు, నూనె గిన్నె పెట్టింది. పిల్ల గోడకు ముఖం తిప్పుకుంది. "లోకంలో ఎవరూ చేయించుకోరు. నాకొద్దు" అంది. నాలుగు రోజులు అలాగే గడిచాయి. పగుళ్లు చీము పట్టాయి.

ఇక్కడ మృదంగం గురించి కాస్త చెప్పాలి. దాని కుడి మూతకు నల్లటి పూత ఉంటుంది. ఒకసారి వేస్తే చాలాకాలం నిలుస్తుంది. ఎడమ మూత అలా కాదు. వాయించే ముందు ప్రతిసారీ తడి రవ్వ ముద్ద చేసి దాని నడుమ అద్దాలి. ఆరితే మళ్లీ తడపాలి. అయ్యాక గీకేయాలి. విద్వాంసుడు ఆ పనిని సభలో, వందమంది చూస్తుండగా చేస్తాడు. ఎవరూ ముఖం తిప్పుకోరు.

ఆ సాయంత్రం కొత్త మృదంగానికి అతను రవ్వ అద్దుతుంటే మంచం మీంచి పిల్ల చూసింది.

"దానికేం జబ్బు నాన్నా?"

"జబ్బు కాదమ్మా. దాని తీరే అది."

"రోజూ పెట్టాలా?"

"వాయించినప్పుడల్లా."

"మరి గడియ పెట్టుకోవా?"

అతను మళ్లీ తడపలేదు. రవ్వ ఆరి పెచ్చులు పెచ్చులుగా రాలే దాకా అలాగే కూర్చున్నాడు.

మర్నాడు ఎండెక్కాక, తల్లి పిల్లను పెరటి గోడ వారన కూర్చోబెట్టిన వేళ, అతను పెరట్లోకి వచ్చాడు. గుండీలు ఒక్కొక్కటే విప్పి, చొక్కా తీసి, పిల్ల కోసం పెట్టిన నీళ్లు ఒంటి మీద పోసుకుని, భార్యకు వీపు పెట్టి పీట మీద కూర్చున్నాడు. తడి వీపు మీద ప్రతి పొలుసూ వెలుగులో కనిపించింది.

ఆమె అడిగింది. "ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పటి నుంచి. మా అమ్మకూ ఉండేది."

ఆమె లోపలికి వెళ్లింది. అటకకు నిచ్చెన వేసిన చప్పుడైంది. తిరిగొచ్చి కత్తిపీటను అతని ముందు పెట్టింది.

"తుప్పు పట్టింది. తోమియ్యి."

అతను ఇటుక పొడి తీసుకుని తోమసాగాడు. పిల్ల గోడను వదిలి పాక్కుంటూ వచ్చింది. తండ్రి వీపు మీది పొలుసుల్ని వేలితో ఒకటొకటిగా తడిమింది. నూనె గిన్నె దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, తడి ఆరిపోతోంది."

"కాస్త ఆరనీ" అంది తల్లి. బుట్ట చంకన పెట్టుకుని, అతని వైపు చూడకుండా, చేపలమ్మే వీధికి బయల్దేరింది.

పిల్ల ఆరనివ్వలేదు.