అవధానిగారి చెవులు

మదనగిరి రాజు భూపాలయ్యకు సముద్రం అవతలి వర్తకుడొకడు రెండు గుర్రాలు తెచ్చాడు. ఒకటి సాధువు, రెండోది పెంకిది. మన చెవులకు రెంటి పేరూ 'కమర్' అనే వినిపిస్తుంది. వర్తకుడు మాత్రం సాధుదాన్ని పిలిచేటప్పుడు 'క'ను నాలుకతో పలుకుతాడు, పెంకిదాన్ని పిలిచేటప్పుడు గొంతు అడుగునుంచి పలుకుతాడు. రాజుగారూ ముచ్చటపడి పిలిచారు. దేన్ని పిలిచారో ఆయనకే తెలియదు గానీ, పెంకిది దూసుకొచ్చి ఆయన్ని గడ్డిమోపులో కూలేసింది.

"ఆ తేడా నా చెవికి తెలిసి తీరాలి," అన్నాడు రాజు, మీసాల్లోని గడ్డి దులుపుకుంటూ.

ఆస్థాన పండితుడు భైరవావధాని పెదవి విరిచాడు. "పాలపళ్లు ఊడాక చెవి కొత్త శబ్దం పట్టదు ప్రభూ. శాస్త్రం అంతే."

ఏ శాస్త్రమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. విదూషకుడు ఓబుళయ్యకు మాత్రం నోరు ఊరుకోదు.

"రోజూ వింటే ఎందుకు పట్టదండీ? నలభై దాటినవాడికే నెలలో పట్టిస్తాను."

"పట్టకపోతే?"

"కొలువు వదిలేస్తాను."

అనేశాక ఓబుళయ్యకు ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో తినేవాళ్లు ఏడుగురు మరి.

అతను కోరింది ఒక్కటే. వర్తకుణ్ణి, గుర్రాలను తాను చెప్పినచోట ఉంచాలి. ఆ చోటు అవధానిగారి పెరటిగోడ పక్కన.

రోజూ పొద్దున్నే వర్తకుడు పెరటికి ఒకవైపు నిలబడి, రెండోవైపు మేస్తున్న గుర్రాలను ఒక్కొక్కటిగా పిలిచేవాడు. సాధుది తిన్నగా వీధిలోంచి వచ్చేది. పెంకిది దగ్గరిదారి చూసుకుని గోడ దూకేది, అవధానిగారి భార్య ఎండబెట్టిన గుమ్మడి వడియాలు తొక్కుకుంటూ వచ్చేది. ఆ వడియాలకు కాపలా అవధానిగారే.

నెల నిండింది. సభలో తెర కట్టి, వెనక వర్తకుణ్ణి నిలబెట్టారు.

"నీ శిష్యుడేడోయ్?" అన్నాడు అవధాని.

"ఇక్కడే ఉన్నాడండి," అన్నాడు ఓబుళయ్య.

తెర వెనక నాలుకతో "కమర్" వినిపించింది. సభ చెవులు రిక్కించింది. మళ్లీ అదే వినిపించింది. అవధాని ఆవులించాడు.

మూడోసారి పిలుపు గొంతులోంచి వచ్చింది.

అవధాని ఉత్తరీయం జారిపోతున్నా చూసుకోకుండా ఒక్క ఉదుటున లేచాడు. "ఏమేవ్, వడియాలు తియ్!"

సభ బిత్తరపోయింది. ఓబుళయ్య చేతులు కట్టుకుని వంగాడు.

"వీరే ప్రభూ నా శిష్యులు. పాలపళ్లు ఎప్పుడో ఊడాయి."

రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూ మెళ్లో ముత్యాలహారం తీసి ఓబుళయ్య మెళ్లో వేశాడు. తర్వాత అవధాని వైపు తిరిగాడు.

"రేపటినుంచి నెల్లాళ్లు మా మకాం మీ పెరట్లోనే అవధానీ. మా చెవులకూ చదువు చెప్పించాలిగా."

సభంతా గొల్లుమంది. అవధానిగారికీ నవ్వక తప్పలేదు.