శైలజకు బారసాల

కొండెంపూడి బజారులో బుర్రలవారిని ఎరగనివాళ్ళు లేరు. అసలు ఇంటిపేరు ఇంకేదో ఉండేది. "మా ఇంట్లో ఉన్న బుర్రలు ఊరంతా గాలించినా దొరకవు" అని వాళ్ళే పదిమందికీ చెప్పుకుంటూ తిరిగితే, ఊరు ఆ మాటనే ఇంటిపేరు చేసి ఖాయం చేసింది. ఆ బుర్రలు ముచ్చటగా మూడు. ఇంటికి పెద్ద పోలయ్య, ఆయన భార్య అప్పలకొండ, తమ్ముడు తవిటయ్య. తవిటయ్యకి పెళ్ళి కాలేదు. "నాకు తగిన బుర్ర దొరకాలి కదా" అనేవాడు.

పోలయ్యకి ఓరోజు మంచి ఊహ వచ్చింది. "ఒరే తవిటీ, ఇంత బుర్ర పెట్టుకుని ఉల్లిపాయలు అమ్మడమేమిట్రా? కంప్యూటరు కొందాం. పెళ్ళికార్డులూ కరపత్రాలూ వేద్దాం" అన్నాడు. అంతే! టౌనుకి వెళ్ళి, శేషగిరి అనే ఆయన కొట్లో కంప్యూటరూ, అచ్చు వేసే మిషనూ కొన్నారు. ఇంటి వీధి గదిలో దుకాణం తెరిచారు. తవిటయ్యకి టైపు కొట్టడం వచ్చు. పోలయ్యకి వెనక నిలబడి తప్పులు చెప్పడం వచ్చు. అప్పలకొండకి ఇద్దరినీ మెచ్చుకోవడం వచ్చు. ఇంకేం కావాలి?

మొదటి బేరమే పెద్ద బేరం తగిలింది. రైసు మిల్లు వీర్రాజుగారికి షష్టిపూర్తి. తన జీవిత చరిత్ర తనే రాసుకుని, ఆ కాగితాలు తెచ్చి బల్లమీద పడేశాడు.

"ఆదివారం పొద్దున్నకి పుస్తకం అచ్చు కావాలి పోలయ్యా. ఇందులో నా పేరు ఎక్కడ వచ్చినా పెద్దగా, లావుగా, ఎర్రగా ఉండాలి. మిగతావాళ్ళ పేర్లు మామూలుగా ఉంటే చాలు."

"అమ్మగారి పేరండీ?"

"మామూలే."

తవిటయ్య కూచుని రెండు పేరాలు కొట్టాడు. అనుమానం వచ్చి శేషగిరికి ఫోను చేశాడు. "పుస్తకం అందంగా ఉండాలంటే ప్రతి పేరా మొదట్లోనూ కాస్త లోపలికి జరపాలి" అన్నాడు శేషగిరి.

అంతే! మూడో పేరా మొదలెట్టేముందు అన్నదమ్ములిద్దరూ కంప్యూటరుతో సహా బల్ల పట్టుకుని జానెడు లోపలికి జరిపారు. నాలుగో పేరాకి ఇంకో జానెడు. వీర్రాజుగారు బడికి వెళ్ళేసరికి బల్ల గుమ్మం దాటింది. ఆయన వ్యాపారంలో దిగేసరికి వంటింట్లో పొయ్యి పక్కకి చేరింది. అప్పలకొండ పులుసులో గరిటె తిప్పుతూ, "శేషగిరిగారు ఎంత తెలివైనవాడండీ! పని జరుగుతున్నకొద్దీ ఇంట్లోకి వస్తోంది" అని మురిసిపోయింది. ఆయన మిల్లు పెట్టిన పేరా దగ్గర వైరు చాలలేదు. ఇంకేముంది, కంప్యూటరు టప్పున ఆరిపోయింది. బల్ల పెరట్లో బొప్పాయి చెట్టు కింద తేలింది. కొట్టినదంతా పోయింది.

మళ్ళీ శేషగిరికి ఫోను. ఆయన నెత్తి కొట్టుకున్న చప్పుడు ఇటువైపుకి వినిపించింది. "జరపాల్సింది అక్షరాలనయ్యా మహానుభావా, బల్లని కాదు! ఇంకో మాట. వీర్రాజుగారి పేరు వచ్చినప్పుడల్లా పెద్ద చేసి, లావు చేసి, ఎర్ర చేసి కూచుంటే తెల్లారిపోతుంది. దానికోసం ఓ సొంత స్టైలు తయారుచేసుకోండి. సైజూ, లావూ, రంగూ అన్నీ అందులోనే ఉంటాయి. ముందు ఆ స్టైలుకి ఓ పేరు పెట్టండి. తరవాత ఆయన పేరు కనిపించిన చోటల్లా దాన్ని పెట్టండి."

పోలయ్య ఫోను పెట్టేసి గంభీరంగా తల ఊపాడు. "పేరు పెట్టాలిట."

"పేరు పెట్టడమంటే మాటలా?" అంది అప్పలకొండ. "ఉయ్యాల ఏదీ? బియ్యం ఏవీ? నలుగురు ముత్తయిదువులు వద్దా?"

అంతే! అటక మీంచి ఉయ్యాల దింపారు. కంప్యూటరు తెరకి పసుపు రాసి, బొట్టుపెట్టి, దుప్పటి కప్పి అందులో పడుకోబెట్టారు. పేరంటాళ్ళు వచ్చారు. పిల్ల ఏదని అడిగితే, "పెట్టెలో ఉంది, ఇంకా పైకి రాలేదు" అంది అప్పలకొండ. వాళ్ళు శనగలు మూట కట్టుకుని నోరు మూసుకున్నారు.

"మగా, ఆడా?" అని చిక్కు పడింది.

పోలయ్య చాలాసేపు ఆలోచించాడు. "స్టైలంటే తెలుగులో శైలి. శైలి, మాలి, కాళి... ఆడపిల్లే" అని తేల్చి, పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో 'శైలజ' అని రాశాడు.

మెచ్చుకోవాలి, తవిటయ్య ఆ తరవాత పని సరిగ్గానే చేశాడు. పోయినదంతా మళ్ళీ కొట్టి, తెరమీద స్టైలు తయారుచేసి, దానికి శైలజ అని పేరు పెట్టి, వీర్రాజుగారి పేరు కనిపించిన చోటల్లా పెట్టుకుంటూ పోయాడు. నొక్కితే చాలు, పేరు ఎర్రగా పొంగిన బూరెలా ఉబ్బుతోంది. పోలయ్యకి కళ్ళు చెమర్చాయి. మన చేతుల్లో పుట్టిన పిల్ల ఎంత పనిమంతురాలో అనుకున్నాడు.

మర్నాడు వీర్రాజుగారి భార్య మాణిక్యాంబ పని ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని వచ్చింది.

"మా ఆయన పేరు బాగా వచ్చిందా పోలయ్యా?"

"దివ్యంగా వచ్చిందండమ్మా. అంతా శైలజ చలవ."

"శైలజెవరు?"

"అయ్యగారి శైలజండి. అయ్యగారు ఎక్కడుంటే అక్కడ ఉంటుంది. ఆవిడ లేకుండా అయ్యగారు ఒక్కచోట కూడా కనిపించరు."

మాణిక్యాంబ కుర్చీలో కూలబడింది. "మిల్లు దగ్గరా?"

"మిల్లులో, యాత్రల్లో, అన్నిట్లోనూ."

"విశాఖపట్నం వెళ్ళినప్పుడు?"

"అక్కడైతే ప్రతి వాక్యంలోనూ ఉందండి."

"మరి నేను?"

"మీరు మామూలండి. మీకు మామూలు చాలని అయ్యగారే చెప్పారు."

ఆవిడ ముఖం చూసి పోలయ్యకి జాలేసింది. సంతోషపెడదామని, "నిన్ననే బారసాల కూడా చేశామండి. మీకు కబురు పెట్టడం మరిచాం" అన్నాడు.

ఇంకేముంది! "బారసాల దాకా వచ్చిందీ వ్యవహారం!" అంటూ మాణిక్యాంబ పెట్టె సర్దుకుని అన్నగారింటికి వెళ్ళిపోయింది. సాయంత్రానికి వీర్రాజుగారు దుకాణంలోకి సుడిగాలిలా వచ్చిపడ్డాడు.

"పెళ్ళికూతురు లేకుండా షష్టిపూర్తి ఎవరితో చేసుకోవాలిరా? మీతోనా?"

"అన్నయ్యకి పెళ్ళయిందండి" అన్నాడు తవిటయ్య వినయంగా. "నేను ఖాళీయే గానీ, ఇంట్లో అడగాలి."

వీర్రాజుగారు చెయ్యెత్తి, మళ్ళీ దించి, శేషగిరికి ఫోను చేసి అసలు సంగతి తెలుసుకున్నాడు. బావమరిది కాళ్ళావేళ్ళా పడి భార్యని దుకాణానికి తీసుకొచ్చి, తెరమీద శైలజని చూపించాడు. మాణిక్యాంబ అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. ఉత్త అక్షరాల తీరేనని నమ్మింది. నమ్మినా మెత్తబడలేదు.

"అయితే అయింది. ఆ పేరు మార్చాలి. మార్చేదాకా నేను పీటలమీద కూచోను."

"అమ్మగారి పేరే పెట్టెయ్యండి, గొడవ వదిలిపోతుంది" అన్నాడు శేషగిరి ఫోనులో. "ఒక్కచోట మారిస్తే చాలు."

అందరూ వెళ్ళిపోయాక ముగ్గురూ తెరముందు కూచున్నారు. మార్చాల్సింది ఏ పేరు? పోలయ్య కళ్ళు చికిలించి చూశాడు. పుస్తకం నిండా ఎర్రగా లావుగా కనిపిస్తున్న పేరు ఒక్కటే.

"ఇదేరా" అన్నాడు.

తవిటయ్య మొదటి పుటలో వీర్రాజు అన్నది కొట్టేసి మాణిక్యాంబ అని పెట్టాడు. ఒక్కచోట మారిస్తే చాలన్నారు కదా! ముగ్గురూ చేతులు కట్టుకుని, మిగతావి వాటంతట అవే మారతాయని చూస్తూ కూచున్నారు. టీ తాగారు. మళ్ళీ చూశారు. ఒక్కటీ కదల్లేదు.

"మన ఊరి గాలి సోకింది. దీనికీ బద్ధకం వచ్చేసింది" అంది అప్పలకొండ.

చేసేది లేక ఒక్కొక్కటీ తామే మార్చి, అచ్చు వేసి, కుట్టి, ఆదివారం పొద్దున్నే బండికెత్తారు.

మిల్లు ఆవరణలో పందిరి. పీటలమీద దంపతులు. ఊరంతా వచ్చింది. పుస్తకాలు పంచారు. ముందు వరసలో కూచున్న పెద్దాయన గొంతు సవరించుకుని పైకి చదవడం మొదలెట్టాడు.

"శ్రీ మాణిక్యాంబగారు చిన్ననాటినుంచే చురుకైనవారు. నూనూగు మీసాల వయసులోనే మాణిక్యాంబగారు వ్యాపారంలో దిగారు. పిమ్మట మాణిక్యాంబగారు మాణిక్యాంబగారిని వివాహమాడి, ముగ్గురు బిడ్డలకు తండ్రి అయ్యారు..."

పందిరి ఘొల్లుమంది. వెనకనుంచి ఎవరో, "మీసాల సంగతి అలా ఉంచితే, ఉన్నమాటే రాశారు! మిల్లు నడిపిందీ, ఇల్లు నడిపిందీ ఆవిడే కదా!" అన్నారు. మిల్లు కూలీలు చప్పట్లు కొట్టారు. మాణిక్యాంబ పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. ఓ పుస్తకం మడిచి భద్రంగా నడుముకి దోపుకుంది.

వీర్రాజుగారు పీటమీంచి లేచిపోయాడు. "ఒరే పోలయ్యా! ఇందులో నేనెక్కడరా?"

"ఇక్కడే ఉన్నారు కదండీ బాబూ" అన్నాడు పోలయ్య కంగారుగా. తప్పిపోయాననుకుంటున్నాడేమో పాపం, పెద్దవాడు అని ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆ చెయ్యి విదిలించుకుని వీర్రాజుగారు అరిచాడు. "భోజనాలయ్యేలోగా ఆ పుస్తకాలన్నీ పోగుచేయండి! మాణిక్యాంబ అని ఉన్న చోటల్లా కొట్టేసి, ఎర్ర సిరాతో, లావుగా, నా పేరు అని రాసి చావండి!"

అంతే! ముగ్గురూ వంటశాల వెనక చాప పరుచుకుని కూచున్నారు. ఒళ్ళు వంచి పనిచేశారు. ఒక్క తప్పు దొర్లనివ్వలేదు. విస్తళ్ళు తీసేవేళకి పుస్తకాలు మళ్ళీ అతిథుల చేతుల్లో పెట్టారు. పెద్దాయన తాంబూలం నములుతూ మళ్ళీ పైకి చదివాడు.

"శ్రీ నా పేరుగారు చిన్ననాటినుంచే చురుకైనవారు. పిమ్మట నా పేరుగారు నా పేరుగారిని వివాహమాడి..."

పోలయ్య తవిటయ్య భుజం తట్టి, "చూశావట్రా, ఈసారి ఎంత లావుగా వచ్చిందో!" అన్నాడు.