నూకాలు తవ్విన గోదా

అనగనగా ఒక ఊళ్ళో ఒక పిల్ల ఉండేది. ఊళ్ళో ఉండేదన్న మాటే గాని, ఒక చోట ఉండేది కాదు. ఇప్పుడు గుమ్మంలో ఉంటే, నువ్వు "ఏయ్" అనేలోపు గెడ్డ అవతల ఉండేది. గెడ్డ అంటే వాగులే కన్నా, మా వైపు అలాగే అంటాం. ఆ ఊరు గెడ్డవలస. ఆ పిల్ల పేరు నూకాలు.

నువ్విప్పుడు దుప్పట్లో కాళ్ళాడిస్తున్నావే, దానికి ఎప్పుడూ అలాగే ఉండేది. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే పరిగెత్తాలనిపించేది. పరిగెడితే ఎక్కడికో దానికే తెలిసేది కాదు. కాలుగాలిన పిల్లి అని ఊరంతా పేరు పెట్టింది. పిల్లికైనా కాసేపటికి కాలు చల్లారుతుంది గాని, నూకాలుకి చల్లారేది కాదు.

నూకాలుకి నాన్న లేడు. అమ్మ పైడమ్మ ఈతాకు చాపలు అల్లి, వాటిని సంతకి మోసి, కూతుర్ని సాకేది. ఏదో ఒక పని నేర్పితే పిల్లకి నిలకడ వస్తుందని ఆవిడ ఆశ.

ముందు చాప అల్లమంది. నూకాలు నాలుగు వరసలు అల్లి, అయిదో వరస మధ్యలో వదిలేసి కాకిని తరుముకుంటూ పోయింది. ఆ తర్వాత మేకల్ని కాయమంది. సాయంత్రానికి మేకలు బుద్ధిగా ఇంటికొచ్చాయి, నూకాలే రాలేదు. ఆ తర్వాత ఒకరోజు పొయ్యి మీద గంజి పెట్టి, "నానొచ్చేదాకా ఈ పొయ్యి కాడి నించి కదలకే" అని చెప్పి, ఆకు కోసం వెళ్ళింది.

నూకాలు కదలకూడదనే అనుకుంది. పాపం, నిజంగానే అనుకుంది. కాలి బొటనవేలు నేలకి గట్టిగా నొక్కిపెట్టి మరీ కూర్చుంది. అప్పుడు వీధిలో డప్పు మోగింది. బొటనవేలు దానంతటదే లేచిపోయింది. వెనకాల కాళ్ళూ పోయాయి. పొయ్యిలో మంట పక్కనున్న ఎండాకులకి అంటుకుని చూరెక్కింది. ఇరుగుపొరుగు వాళ్ళు బిందెలతో పరిగెత్తుకొచ్చి ఆర్పారు గాని, చూరు ఒక పక్కంతా మాడి నల్లబడింది.

పైడమ్మ కొట్టలేదు, తిట్టలేదు. నూకాలుకి అందుకే భయం వేసింది. ఆ మాడిన చూరు కింద కూలబడి అమ్మ మెల్లగా అంది: "అమ్మోరి పండక్కి మీ మేనత్త వస్తాది. దానెనకాల ఉప్పుమళ్ళకి ఎలిపో. నువ్వు లోపలుండగా ఇల్లంటుకుంటే నానేటయిపోతానే?"

మేనత్త అప్పయ్యమ్మ సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ళలో పని చేసేది. చెడ్డ మనిషి కాదు, మాటే కరుకు. కానీ అక్కడ అమ్మ ఉండదు కదా. నూకాలు అమ్మ కొంగు పట్టుకుంది.

"ఒక్క పని తిన్నగా సేస్తే నన్నుంచుకుంతావా అమ్మా?" అని అడిగింది.

"మొదలెట్టింది సివరికంటా సేసి సూపించు. అప్పుడు సూద్దాం" అంది పైడమ్మ. నమ్మకం ఉండి అన్న మాట కాదది. ఏడుస్తున్న పిల్లని ఊరుకోబెట్టడానికి అన్న మాట.

అప్పుడు నూకాలు ఊరంతా తిరిగింది. ఏ పని చూసినా కూర్చునే పనే. కుమ్మరి కూర్చునే ఉన్నాడు, సాలెవాడు కూర్చునే ఉన్నాడు, పూలు కట్టే అవ్వ అయితే పడుకుని మరీ కడుతోంది. తిరిగి తిరిగి ఊరి చివర తాటాకు పాక దగ్గరికొచ్చింది. లోపల్నించి ధబ్, ధబ్ అని చప్పుడు. అది తాలింఖానా, కుస్తీ నేర్పే చోటు. పాక నడుమ ఎర్రమట్టి నింపిన పెద్ద గుంట, చుట్టూ మోకాలెత్తు గట్టు. ఆ గుంటనే గోదా అంటారు. అందులో కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఎత్తి పడేసుకుంటున్నారు. వాళ్ళ గురువు అసిరి తాత గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. కుస్తీలు పట్టీ పట్టీ ఆయన చెవులు నలిగిన అప్పడాల్లా ఉండేవి.

నూకాలు గుమ్మంలో ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడింది. తాత చూశాడు.

"ఏటే, నేల కాల్తందా?"

"నేదు తాతా. నాకు ఒక సోట ఉండడం రాదు."

"ఎవుడుండమన్నాడే నిన్ను? కదులు. ఈ గట్టు దాటకుండా నీకెంత కావాలంటే అంత కదులు."

పుట్టాక నూకాలుని కదలమన్న మనిషి ఆయనొక్కడే. అందరూ కదలకు అన్నవాళ్ళే. అది గబుక్కున గట్టు దాకా వచ్చేసింది.

"ఆడపిల్లకి కుస్తీ ఏటి తాతా?" అన్నాడు ఒక కుర్రాడు.

"ఎవులు పడ్డారో సూడ్డానికి మట్టికి కళ్ళున్నాయేట్రా?" అన్నాడు తాత.

మర్నాడు నూకాలు అమ్మ పాత చీర ముక్కతో కాసె బిగించి, ఎగురుకుంటూ వచ్చింది. తాత దాని చేతికి పార ఇచ్చాడు. "కుస్తీ పట్టేవోళ్ళు ముందు గోదా తవ్వాలి. రోజూ, మొత్తం, మోచేతి లోతు" అన్నాడు.

ఎగరడానికొస్తే తవ్వమంటాడేమిటని దానికి ఒళ్ళు మండింది. గబగబా నడుమ తవ్వేసింది. నాలుగు మూలలూ వదిలేసి, పైన కాస్త మెత్తటి మట్టి చల్లేసింది. చూసేవాళ్ళకి అంతా ఒకేలా ఉంది. తాత చూశాడో లేదో, పిల్లల్ని జతలు కట్టాడు.

ఆ తర్వాత కుస్తీ మొదలైంది. ఒక పిల్లాడు నూకాలుని నెట్టుకుంటూ నెట్టుకుంటూ ఒక మూలకి తీసుకుపోయి పడేశాడు. మోచెయ్యి గట్టినేలకి తగిలి బూరెలా వాచింది. తాత పసుపు రాసి గుడ్డ కట్టాడు.

"తవ్వని సోటే పడతావే. ఎప్పుడూ అంతే" అన్నాడు. "మట్టికి నీ మీద కోపం నేదు, జాలీ నేదు. నువ్వెంత తవ్వితే అది అంత మెత్తన."

ఆ మాట నూకాలు ఎముకలోకి దిగింది. మోచెయ్యి సలిపినప్పుడల్లా గుర్తొచ్చేది. అప్పట్నించి మూలల్లోంచే తవ్వడం మొదలుపెట్టింది.

తవ్వడం అయ్యాక మట్టి కలపడం నేర్చుకుంది. వేపాకు, పసుపు, మజ్జిగ వేసి కాళ్ళతో తొక్కాలి. అబ్బో, తొక్కుడంటే దాని కాళ్ళకి పండగే. ఆ తర్వాత పడడం నేర్చుకుంది. నవ్వకు, పడడమూ నేర్చుకోవాలి. గడ్డం గుండెకి ఆనించి, భుజం ముడిచి, కుండలా దొర్లాలి. కర్రలా పడితే విరుగుతాం. నూకాలు పడింది, లేచింది, మళ్ళీ పడింది. ఇంటికొచ్చి తట్టెడన్నం తిని, అమ్మ పక్కన వాలిందంటే తెల్లారేదాకా ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

కాళ్ళలో ఆ దురద పోయిందా అంటావా? పోలేదు కన్నా. అది పోయేది కాదు. పొద్దున్నే దానికొక పని దొరికింది, అంతే.

అయినా పండగ దగ్గరపడుతున్న కొద్దీ నూకాలు మనసు కుదురుగా లేదు. ఒకనాడు అమ్మ మూట కడుతుండగా చూసింది. రెండు పరికిణీలు, ఒక రవిక, చెక్క దువ్వెన. అది ఉప్పుమళ్ళకి పోయే మూట. ఇద్దరికీ తెలుసు.

పండగ రానే వచ్చింది. ఆ ఏడు కుస్తీలు పక్క ఊళ్ళో. అమ్మవారి గుడి దగ్గర మైదానంలో ఆ ఊరివాళ్ళు కొత్తగా గోదా కట్టారు. ఎర్రమట్టి జల్లి, నీళ్ళు చిలకరించి, చుట్టూ బంతిపూలు పేర్చారు. చూడ్డానికి పెళ్ళిపీటలా ఉంది. పైడమ్మ వచ్చింది. మేనత్త అప్పయ్యమ్మా వచ్చింది. ఇద్దరి మధ్యా ఆ మూట ఉంది.

ఆ వైపు ఒక ఆచారం. అందరికన్నా చిన్న జతే ముందు గోదాలో దిగాలి. దిగిన ఇద్దరూ తలా మూడు పారల మట్టి తిరగేసి, నుదుటికి అద్దుకుని, అప్పుడు చేతులు కలపాలి. ఆ ఏడు చిన్న జత నూకాలు, ఆ ఊరి పిల్లాడు పోలినాయుడు. పోలి మూడు పారలూ చకచకా తిరగేసి అవతల నిలబడ్డాడు.

నూకాలు వంగి మట్టి తాకింది. వేలు గోరంత లోతు దిగి ఆగిపోయింది. పైన మెత్తన, కింద రాయిలాంటి నేల. ఒకప్పుడు తను చేసిన పనే ఇది. దానికి మోచెయ్యి సలిపినట్టయింది.

అప్పుడు నూకాలు మూడు పారలూ వేసింది. నాలుగోదీ వేసింది. అయిదోదీ వేసింది. ఇక ఆగలేదు.

"మూడు సాలమ్మా" అన్నాడు ఆ ఊరి పెద్ద. "మా గోదాకి వంక పెడతన్నావేటి?"

"వంక కాదు తాతా. కింద తవ్వనేదు" అంది నూకాలు. చెయ్యి మాత్రం ఆపలేదు.

ఎండ చుర్రుమంటోంది. జనానికి ఓపిక లేదు. ఒకడు ఈల వేశాడు. కూర్చున్నవాడొకడు లేచాడు, లేచినవాడు తిట్టాడు. డప్పులవాళ్ళు ఊరికే ఉండలేక డప్పు అందుకున్నారు. పోలి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. అప్పయ్యమ్మ, "సూసేవా ఒదినా, కుస్తీకని దిగి తవ్వకం మొదలెట్టింది. దీనికి ఏ పనీ తిన్నగా రాదు" అని గొణిగింది. అంతమంది జనంలో అటూ ఇటూ చూడనిది నూకాలొక్కతే. డప్పు మోగుతున్నా దాని బొటనవేలు లేవలేదు. పైడమ్మ అది గమనించింది.

మొదటి మూల తవ్వింది. రెండో మూల తవ్వింది. మూడో మూలలో పార ఖంగుమంది. నూకాలు కూర్చుని చేత్తో మట్టి తీసింది. జానెడు ఇనప మేకు, విరిగిన కొస పైకి. కిందటేడు రంగులరాట్నం పాతినవాళ్ళు మరిచిపోయి పోయారు. దాన్ని రెండు చేతులా ఊగించి, పీకి, గట్టు మీద పెట్టింది. ఈలలు ఆగిపోయాయి. ఆ ఊరి పెద్ద తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. నూకాలు నాలుగో మూల కూడా తవ్వి, అప్పుడు పార కింద పెట్టింది.

ఆ తర్వాత చేతులు కలిపారు. కుస్తీ మొదలైంది. ఒకసారి నూకాలు పోలిని నడుం పట్టి ఊపేసింది. ఒకసారి పోలి జారిపోతే ఉడుంపట్టు పట్టింది. కానీ తవ్వీ తవ్వీ దాని చేతులు అలిసిపోయాయి. మూడోసారి పోలి దాన్ని మెడ మీదికెత్తి, గిర్రున తిప్పి, మూలకి విసిరాడు.

ఏ మూలకి? మేకున్న మూలకే.

పైడమ్మ దిగ్గున లేచి నిలబడింది. నూకాలు గడ్డం గుండెకి ఆనించింది, భుజం ముడిచింది, కుండలా దొర్లింది. కానీ దొర్లీ దొర్లీ వెల్లకిలా ఆగింది. రెండు భుజాలూ మట్టికి ఆనాయి. అంటే ఓడిపోయినట్టే.

పోలి చెయ్యందించి లేపాడు. వీపు మట్టి దులిపాడు. గెలిచినవాళ్ళకిచ్చే బెల్లం అచ్చు ఆ ఊరి పెద్ద వాడి చేతిలో పెడితే, దాన్ని గట్టుకేసి కొట్టి సగం నూకాలుకిచ్చాడు.

"మట్టి నువ్వు తవ్వేవు కదా. నాను పడ్డా అదే మట్టి" అన్నాడు.

నూకాలు బెల్లం పట్టుకుని అమ్మ దగ్గరికి నడిచింది. ఓడిపోయాను కదా, ఇక పంపేస్తుంది అనుకుంది. ఏడవలేదు గాని, కళ్ళెత్తి చూడలేదు. వంగి తనే మూట అందుకుంది.

"పద, పొద్దు పోతంది" అంది అప్పయ్యమ్మ.

పైడమ్మ నూకాలు చేతిలోంచి మూట లాక్కుంది. "అది ఎక్కడికీ రాదు ఒదినా" అంది. "ఊరు ఊరంతా ఆపమన్నా నా కూతురు సివరికంటా తవ్వింది. అది పడ్డ సోట మేకు నేదు. సూసేవా? మేకు నేదు."

అప్పయ్యమ్మ గట్టు మీదున్న మేకు వంక చూసింది. ఆ తర్వాత చెయ్యి చాచి, "అలాగయితే ఆ బెల్లమైనా ఓ ముక్క పెట్టవే" అంది.

పైడమ్మ అక్కడే మూట విప్పి, ఒక పరికిణీ తీసి, కూతురి మొహం మీద మట్టి తుడిచింది. నూకాలు అమ్మ ఒళ్ళో కూర్చుంది. కూర్చున్నా కాళ్ళు ఆగలేదు, మట్టి కొట్టుకుపోయిన ఆ కాళ్ళు రెండూ ఆడుతూనే ఉన్నాయి. ఆపడానికి అప్పయ్యమ్మ చెయ్యి వెయ్యబోతే, పైడమ్మ అడ్డుకుంది.

"కదలనీ" అంది.

ఇంకేముంది కన్నా. నువ్వూ కదుపుకో, దుప్పటి జారితే నేను కప్పుతాలే.

పార పాక మూలకి,
మేకలన్నీ దొడ్డికి,
మూట విప్పి కొయ్యకి,
కాళ్ళు రెండూ కుదుటికి,
కథ పోయె కంచికి,
నువ్వూ నేనూ ఇంటికి,
కునుకు వచ్చె కంటికి.